అమ్మాయి చదువు మారతానంటే

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీతో చెప్పుకుందామని ఇవాళ వచ్చాను. పిల్లలు పై చదువులకి అమెరికాకో, జర్మనీకో, ఆస్ట్రేలియాకో వెళ్ళడం మనకిప్పుడు కొత్త కాదు. సూట్‌కేసు ఎన్ని కిలోలుండాలి, ఆవకాయ సీసా ఎలా కట్టాలి, ఇవన్నీ ఒకరికొకరం చెప్పుకుంటూనే ఉంటాం. కానీ వెళ్ళిన పిల్ల ఏడాది తిరక్కుండానే "అమ్మా, నేనీ చదువు వదిలి వేరే దాంట్లోకి మారతాను" అంటే ఏం చెయ్యాలో మనకెవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

మా అమ్మాయి ఇక్కడ ఇంజనీరింగు పూర్తి చేసి 2017లో అమెరికా వెళ్ళింది, కంప్యూటర్ సైన్సులో ఎమ్.ఎస్. చెయ్యడానికి. ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెట్టి పాతిక లక్షలు అప్పు తెచ్చాం. మావారి రిటైర్మెంటుకి అప్పటికి నాలుగేళ్ళే ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్న నేను దోసెలు వేస్తూంటే ఫోను చేసి, "అమ్మా, నేను డిజైన్‌లోకి మారదామనుకుంటున్నాను" అంది.

"డిజైనా? బట్టలు కుట్టడానికా తల్లీ, పాతిక లక్షలు పోసి అంత దూరం పంపింది?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఏడ్చింది. మావారు పేపరు మడిచి అవతల పెట్టి వరండాలోకి వెళ్ళిపోయారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. పక్కింటి పిన్నిగారికి చెప్పుకుంటే, "మరి సంబంధాల వాళ్ళకి పిల్ల ఏం చదువుతోందని చెబుతారే?" అన్నారు. నిజం చెప్పొద్దూ, అప్పు కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ పీకింది.

ఇంతకీ ఈ డిజైన్ అంటే ఏమిటి? చీర అంచు మీద లతలూ నెమళ్ళూ కూడా డిజైనే, కాదనను. కానీ అది అంతటితో ఆగదు. మన గ్యాస్ పొయ్యి సంగతే చూడండి. మూడు బర్నర్లు, మూడు నాబ్‌లు. ఏది తిప్పితే ఏది వెలుగుతుందో కొత్త పొయ్యి కొన్న నెల్లాళ్ళ దాకా తడుముకుంటూనే ఉంటాం. పాలు పొంగిపోతూంటే పక్కది ఆర్పేసి, "నా మతి మండ" అని మనల్ని మనమే తిట్టుకుంటాం. తప్పు మన మతిది కాదు, ఆ నాబ్‌ల అమరికది అంటారు డోనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ ఆచార్యులు. రోజువారీ వస్తువుల మీద 1988లో ఆయన రాసిన పుస్తకంలో ఈ పొయ్యి నాబ్‌ల గొడవని బొమ్మలు వేసి మరీ చర్చించారు. బర్నర్లు ఏ వరసలో ఉన్నాయో నాబ్‌లనీ అదే వరసలో అమరిస్తే, ఏది దేనిదో వేరే చెప్పక్కర్లేదు. ఈ నార్మన్ గారు కూడా మొదట చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే. తరవాత మనస్తత్వ శాస్త్రంలోకి మారి 1962లో డాక్టరేటు తీసుకున్నారు.

మన దేశంలోనూ ఇది నిన్న మొన్నటి మాట కాదు. చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు భారత ప్రభుత్వం పిలుపు మీద ఇక్కడికొచ్చి, దేశంలో తిరిగి, 1958లో ఒక నివేదిక ఇచ్చారు. వాళ్ళు అందులో అంతగా మెచ్చుకున్న వస్తువేమిటో తెలుసా? మన చెంబు! ఎన్ని నీళ్ళు పట్టాలి, చంకన పెట్టుకుంటే బరువు ఎటు ఒరగాలి, వంచితే ధార ఎలా పడాలి, తోమడానికి మూతి ఎంత ఉండాలి, పట్టుకుంటే చేతికి హాయిగా ఉందా, ఇన్ని ప్రశ్నలకి జవాబు ఆ చిన్న చెంబులో ఉందన్నారు. ఆ నివేదిక తరవాతే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. బొంబాయి జె.జె. స్కూలులో బొమ్మల చదువు చదివిన సుధాకర్ నాడకర్ణి గారు జర్మనీలోని ఉల్మ్ వెళ్ళి వస్తువుల డిజైన్ నేర్చుకొచ్చారు. 1969లో బొంబాయి ఐ.ఐ.టి.లో డిజైన్ కేంద్రం ఏర్పడడానికి ఆయన ముఖ్యులు. అంటే పరాయి దేశంలో చదువుతూ దారి మార్చుకున్నవాళ్ళలో మా అమ్మాయి మొదటిదేం కాదు.

ఇవన్నీ నాకు తరవాత తెలిసిన సంగతులు. అప్పట్లో నా మనసు మార్చింది మా అత్తయ్యగారి మాత్రలు.

మారే ముందు ఒక సెమిస్టరు ఆ శాఖలో ఒక్క క్లాసు మాత్రం తీసుకుని చూస్తానంది అమ్మాయి. సరేనన్నాం. ఇంట్లో ఎవరైనా రోజూ చేసే పనిని ఊరికే గమనించి రాయమని క్లాసులో పనిచ్చారట. "అమ్మా, నాన్నమ్మ రాత్రి మాత్రలు వేసుకునేటప్పుడు వీడియో కాల్ పెట్టు. నువ్వేం మాట్లాడకు, సాయం కూడా చెయ్యకు" అంది. ఫోను పట్టుకుని కూచున్నాను. అత్తయ్యగారికి బి.పి.కీ, షుగరుకీ కలిపి రోజుకి ఆరు మాత్రలు. మందుల షాపువాడు స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేసరికి పేరు సగం పోతుంది, గడువు తేదీ మొత్తం పోతుంది. ఈసారి మరో కంపెనీది ఇస్తే రంగు మారిపోతుంది. ఆవిడ కళ్ళద్దాలు తీసి, స్ట్రిప్పుని బల్బుకి ఎదురుగా పెట్టి, వేలితో తడిమి, ఒకటి పక్కన పెట్టి, మళ్ళీ అదే తీసుకుని... ఇరవై నిమిషాలు. నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి నేనెప్పుడూ అది చూడలేదు. "త్వరగా వేసుకోండత్తయ్యా, పడుకోవాలి" అనడమే తెలుసు నాకు. అమ్మాయి అవతల నించి ఒక్క మాట మాట్లాడకుండా రాసుకుంది.

ముందు ఫోనులో గంట మోగే ఏర్పాటు చేస్తానంది. "నాకా ఫోను నొక్కడం వస్తే ఈ మాత్రలు వేసుకోవడం రాదుటే?" అన్నారు అత్తయ్యగారు. నాలుగు రకాలు కాగితంతో చేసి చూపించింది. నాలుగూ వద్దన్నారు. చివరికి ఆవిడ నడుముకి దోపుకునే ఆకువక్క సంచి ఉంది చూశారూ, దాన్ని చూసి అలాంటిదే ఒకటి గీసి పంపింది. మూడు అరలు, మూడు రంగుల తాళ్ళు, ఉదయానికీ మధ్యాహ్నానికీ రాత్రికీ. నేనే కుట్టాను. బట్టలు కుట్టడానికా పంపింది అని ఎగతాళి చేసినదాన్ని, కుట్టుమిషను ముందు కూచుని అప్పుడు సిగ్గుపడ్డాను.

మనసు కరిగింది కదా అని మారిపొమ్మనలేదు. మావారూ నేనూ కాగితం మీద లెక్కలు వేసుకున్నాం. మీలో ఎవరికైనా పనికొస్తాయని ఆ లెక్కలు చెబుతున్నాను.

మొదటిది, పిల్ల ఉన్నచోటు నించి పారిపోతోందా, లేక నిజంగా ఇంకోచోటికి వెళ్ళాలనుకుంటోందా? పరీక్షలు సరిగ్గా రాయలేక, ఒంటరితనం పట్టలేక మారతానంటే, చదువు మారినంత మాత్రాన ఆ బాధ పోదు. మా పిల్లకి మార్కులు బాగానే వస్తున్నాయి. లైబ్రరీలో పని చేస్తూ, అక్కడి కంప్యూటరు ముందు జనం ఎందుకు తికమకపడుతున్నారో చూడడం మీదకి మనసు పోయింది.

రెండోది, వీసా. చెప్పకుండా క్లాసులు మానెయ్యకూడదు. నిర్ణీత క్లాసులు తగ్గితే విద్యార్థి వీసాకే ముప్పు. ఏ పని చేసినా ముందు విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్ళి అడగాలి. నియమాలు మారుతూంటాయి కాబట్టి స్నేహితులు చెప్పారని ఊరుకోకూడదు.

మూడోది, డబ్బు. పాత క్లాసుల్లో ఎన్ని కొత్త చదువుకి లెక్కకొస్తాయి, ఇంకో సెమిస్టరు ఫీజు ఎంత? బ్యాంకు అప్పిచ్చింది ఫలానా కోర్సుకని, అందుచేత వాళ్ళకీ రాతపూర్వకంగా తెలియజెయ్యాలి.

నాలుగోది ఉద్యోగం. అమెరికాలో చదువయ్యాక అందరికీ 12 నెలలు పని చేసే అనుమతి ఉంది. సైన్సు, ఇంజనీరింగు జాబితాలో ఉన్న చదువులకే ఇంకో 24 నెలలు పొడిగింపు. డిజైన్ కోర్సుల్లో కొన్ని ఆ జాబితాలో ఉంటాయి, కొన్ని ఉండవు. చేరకముందే కనుక్కోవాలి. పైగా ఈ రంగంలో మార్కుల కన్నా చేసిన పనులన్నీ కూర్చి చూపించే పోర్ట్‌ఫోలియో ముఖ్యం. అది ఒక్క నెలలో తయారు కాదు.

తరవాత అంతా సాఫీగా జరిగిందని చెబితే అబద్ధం. ఒక సెమిస్టరు ఎక్కువ పట్టింది, మావారి ప్రావిడెంట్ ఫండు నించి తియ్యాల్సొచ్చింది. చదువయ్యాక అక్కడ 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ రోజులు నేను క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. 71వ రోజున ఒక ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ కంపెనీలో వచ్చింది. జీతం తన గది స్నేహితురాళ్ళ కన్నా తక్కువే. ఉద్యోగం వచ్చాక కూడా అప్పు తీరడానికి ఐదేళ్ళు పట్టింది. అంతకుముందు నేర్చుకున్న ప్రోగ్రాములు రాయడం వృథా కాలేదని, ఇంజనీర్లతో వాళ్ళ భాషలో మాట్లాడగలుగుతున్నానని చెబుతూంటుంది.

ఇంకో మాట. డిజైన్ నేర్వాలంటే అంత దూరమే వెళ్ళక్కర్లేదు. హైదరాబాదు ఐ.ఐ.టి.లో డిజైన్ శాఖ ఉంది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో కూడా జాతీయ డిజైన్ సంస్థ మొదలైంది. మాకు ఇంటర్ రోజుల్లోనే ఈ సంగతి తెలిస్తే పిల్లని అడిగి ఉండేవాళ్ళం. ఇంజనీరింగు, మెడిసిను తప్ప మూడోది ఉందని మనమే వాళ్ళకి చెప్పలేదు కదా!

అందుచేత సోదరీమణులారా, రేపు మీ పిల్ల అలా ఫోను చేస్తే, నాలా ఎగతాళి చెయ్యకండి. వెంటనే సరేనని కూడా అనకండి. "చెప్పమ్మా, వింటున్నాను" అనండి. లెక్కలు తరవాత వేసుకోవచ్చు. మొదటి రోజే నోరు మూయిస్తే, రెండో రోజు పిల్ల మనకి నిజం చెప్పదు.

మా అత్తయ్యగారికి ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళు. సంచి తాళ్ళు రెండుసార్లు మార్చాను. రాత్రి మాత్రలకి ఆవిడకి రెండు నిమిషాలు చాలు. ఇప్పుడు నేనామెని తొందరపెట్టడం మానేశాను.