నెత్తురు తిరిగొచ్చే వేళ



ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ పెద్దాయన మత్తు డాక్టరు. మత్తు డాక్టర్ల పేరున స్మారకోపన్యాసాలు అరుదు. రోగికి గుర్తుండేది కత్తి పట్టినవారే. ఆపరేషన్ థియేటర్లో తలవైపు కూర్చునేవారి చూపు పదేపదే పోయే వాటిలో గడియారం ఒకటి, ఒంటి వేడి చూపే అంకె ఒకటి. ఈ ఏడు ఆ రెంటినీ కలిపి మాట్లాడదామని వచ్చాను.

రక్తం అందకపోతే అవయవం చస్తుందన్నది పాత సంగతి. ఆగిన రక్తాన్ని తిరిగి వదిలినప్పుడు, ఆ వదలడం వల్లే ఇంకొంత చస్తుందన్నది మింగుడు పడడానికి చాలా కాలం పట్టింది. 1960లో అమెరికాలో రాబర్ట్ జెన్నింగ్స్, ఆయన సహచరులు కుక్కల గుండెల్లో ఒక ధమనిని కొంతసేపు బిగించి, వదిలి చూశారు. రక్తం తిరిగొచ్చిన కండరంలో కణాలు దెబ్బతిన్న తీరు, వేగం వేరుగా కనిపించాయి. గోదావరి డెల్టావాళ్లకి దీన్ని ఇట్టే చెప్పొచ్చు. వేసవంతా ఎండి నెర్రెలిచ్చిన కాలవకి ఒక్కసారిగా లాకులెత్తితే గట్టు తెగుతుంది. నీళ్లు కావలసినవే, గట్టే సిద్ధంగా లేదు.

ఎందుకు సిద్ధంగా లేదు? కణం బతికేది ఏటీపీ మీద. ఈ మాట వచ్చినచోట తెలుగువాళ్లం ఒక పేరు తలవకుండా దాటకూడదు. భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలోంచి బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని పట్టుకున్నారు. రక్తం ఆగిన గుండెలో ముందు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత తరిగేది ఏటీపీ. మనం ఇవాళ మాట్లాడుకునే నష్టం లెక్క ఆ రెండు పద్దుల్లోనే మొదలవుతుంది.

ఏటీపీ తరిగేకొద్దీ కణంపొరలోని సోడియం పంపులు చతికిలబడతాయి. సోడియం లోపలికి చేరుతుంది, దాని వెంబడే కాల్షియం. లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. విరిగిన ఏటీపీలోంచి హైపోజాంథీన్, మైటోకాండ్రియాలో సక్సినేట్ పోగవుతాయి. అప్పుడు రక్తం వస్తుంది, ఆక్సిజన్ తెస్తుంది. పోగైన సక్సినేట్ నిమిషాల్లో ఖర్చయిపోతూ ఎలక్ట్రాన్లను వచ్చిన దారినే వెనక్కి నెడుతుందనీ, ఆ వెనక నడకలోంచే ఆక్సిజన్ రాడికల్స్ పుట్టుకొస్తాయనీ 2014లో కేంబ్రిడ్జ్‌లోని మైకేల్ మర్ఫీ బృందం చూపించింది. ఇంకో చిత్రం చూడండి. వచ్చిన రక్తం ఆమ్లాన్ని కడిగేస్తుంది. మంచిదేగా అనిపిస్తుంది. కానీ మైటోకాండ్రియా పొరలోని ఒక రంధ్రాన్ని అంతదాకా మూసి ఉంచింది ఆ ఆమ్లమే. అది పోయి, కాల్షియమూ రాడికల్సూ మిగిలాయంటే రంధ్రం తెరుచుకుంటుంది. తెరుచుకుని అలాగే ఉండిపోతే ఆ కణం పని అయిపోయినట్టే. తర్వాత గంటల తరబడి, రోజుల తరబడి తెల్లకణాలు వచ్చి తెచ్చే వాపు మరో కథ, దాని జోలికి ఇవాళ పోను.

చల్లదనం ఇందులో దేన్నీ బాగుచేయదు. జరిగేదాన్ని నెమ్మదింపజేస్తుంది, అంతే. ఒక్కో డిగ్రీ తగ్గితే మెదడు వాడుకునే ఆక్సిజన్ సుమారు 6–7 శాతం తగ్గుతుంది. ఏటీపీ నిదానంగా తరుగుతుంది, చెత్త తక్కువగా పోగవుతుంది, తిరిగొచ్చిన రక్తం రాజేయడానికి మిగిలేదీ తక్కువే. అంచేత నేను చెప్పదలచుకున్నది ఇది: ఎంత చల్లబరిచామన్నదాని కంటే ఎప్పుడు చల్లబరిచామన్నది ముఖ్యం. రక్తం ఆగిన సమయం మన చేతిలో ఉన్నచోట చలి గొప్పగా పనిచేసింది. ఆ సమయం తెలియనిచోట తడబడింది. ఒకచోట కీడే చేసింది.

మొదటి విజయం చూడండి. టొరంటోలో విల్‌ఫ్రెడ్ బిగెలో కుక్కల మీద చేసిన పనిని 1950లో ప్రకటించారు: ఒళ్లంతా చల్లబరిస్తే గుండెకి రక్తం రాకుండా ఆపి, లోపల పని చేసుకుని రావచ్చు. 1952 సెప్టెంబరు 2న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ లూయిస్ బృందం ఒక అయిదేళ్ల పాపను 28 డిగ్రీల దాకా చల్లబరిచి, గుండెలోకి వచ్చే రక్తాన్ని అయిదున్నర నిమిషాలు ఆపి, పై గదుల మధ్య గోడలోని రంధ్రాన్ని కళ్లతో చూస్తూ కుట్టింది. హార్ట్‌లంగ్ మెషీన్‌తో సర్జన్ గిబ్బన్ గెలవడానికి అప్పటికింకా ఎనిమిది నెలలుంది. మెషీన్ వచ్చాక చలి వెళ్లిపోలేదు, లోతుకి దిగింది. 1975లో రాండల్ గ్రీప్ బృహద్ధమని వంపును మార్చే ఆపరేషన్లకి ఒళ్లంతా బాగా చల్లబరిచి రక్తప్రసరణనే ఆపే పద్ధతిని నిలబెట్టారు. వీటన్నిటిలో వరస ఒకటే. ముందు చలి, తర్వాత బిగింపు, చివర రక్తం. సెకన్లతో సహా సర్జన్‌కి తెలుసు.

1999లో నార్వేలో ఒక యువ వైద్యురాలు స్కీయింగ్ చేస్తూ గడ్డకట్టిన వాగులో పడి మంచుకింద ఇరుక్కుంది. ఒంటి వేడి 13.7 డిగ్రీలకి పడిపోయింది, అయినా బతికి మళ్లీ వైద్యంలో చేరింది. ఈ కథ చెప్పుకునేవాళ్లు ఒక ముక్క వదిలేస్తారు. మంచుకింద ఆవిడకి కొంత గాలి దొరికింది. ఒళ్లు చల్లబడేదాకా గుండె కొట్టుకుంటూనే ఉంది, ఆగింది ఆ తర్వాతే. నీళ్లలో ముందే ఊపిరాడక గుండె ఆగి, తర్వాత చల్లబడినవాళ్ల కథలు ఇలా ముగియడం అరుదు.

అవయవ మార్పిడిలో కూడా గడియారం మన చేతిలోనే ఉంటుంది. రాజమండ్రిలో పుట్టిన పనంగిపల్లి వేణుగోపాల్ గారు ఢిల్లీ ఎయిమ్స్‌లో 1994 ఆగస్టు 3న మన దేశంలో మొదటిసారి గుండె మార్చారు. 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా హైదరాబాద్ మెట్రో రైలును ప్రత్యేకంగా నడిపి ఒక దాత గుండెను చేరవేశారు. ఆ పరుగంతా ఎందుకంటే ఐస్ బాక్సులో గుండెకి ఉండే గడువు నాలుగు గంటలకి అటూఇటూ. కాలేయానికి పన్నెండు, కిడ్నీకి ఒక రోజు, ఇంకొంచెం. మంచులో ఉంచితే చాలని కూడా కాదు. 4 డిగ్రీల దగ్గర సోడియం పంపులే ఆగిపోయి కణాలు ఉబ్బుతాయి. 1969లో కాలిన్స్ పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రావణం తెచ్చింది అందుకే. ఆ తర్వాత విస్కాన్సిన్‌లో బెల్జర్, సదర్డ్ చేసిన ద్రావణంలో అల్లోప్యూరినాల్ కూడా ఉంది. గౌట్‌కి మనం రాసే మాత్ర! హైపోజాంథీన్ మీద పనిచేసి రాడికల్స్ పుట్టించే ఎంజైమును అది అడ్డుకుంటుందని పెట్టారు.

4 డిగ్రీలన్న అంకె శాస్త్రం కంటే ఎక్కువగా ఐస్ పెట్టె అలవాటు అని నా అనుమానం. టొరంటోవాళ్లు ఊపిరితిత్తులను 10 డిగ్రీల దగ్గర ఉంచి, మైటోకాండ్రియా అక్కడే ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నాయని చూపారు. యూరప్‌లో, గుండె ఆగి చనిపోయిన దాతల కాలేయాలకి మార్పిడికి ముందు చల్లటి ద్రావణంలోనే ఆక్సిజన్ కలిపి రెండు గంటలు ఎక్కించారు. 2021లో వచ్చిన ఆ ఫలితంలో, పైత్యనాళాలు కుంచించుకుపోయే చిక్కు 18 శాతం నుంచి 6 శాతానికి తగ్గింది. చలిలో ఉండగానే మెల్లగా ఆక్సిజన్ అందిస్తే సక్సినేట్ ముందే ఖర్చయిపోతుంది, అసలు రక్తం వచ్చేసరికి రాజుకునేది మిగలదు. గట్టు ముందే తడపడం అంటే ఇదే.

ఇక గడియారం చేజారిన చోట్లు. గుండెపోటు రోగి క్యాథ్ ల్యాబ్‌కి వచ్చేసరికి ధమని మూసుకుని ఎంతసేపయిందో అతను చెప్పే నొప్పి కథే ఆధారం. కుందేళ్లలో, పందుల్లో ధమని తెరవకముందే చల్లబరిస్తే మేలు స్పష్టంగా కనిపించింది. మనుషుల్లో చేసిన ట్రయల్స్ చాలావరకు తేలిపోయాయి. కారణం ఊహించవచ్చు. మెలకువగా ఉన్న మనిషి చలికి వణుకుతాడు. వణుకు ఆపడానికి మందులు, చల్లబరచడానికి సెలైన్, కాథెటర్. ఈలోగా స్టెంట్ వేయడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యానికి చెల్లించేది గుండె కండరమే.

గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించినవారి సంగతి ఇంకా పాఠం నేర్పుతుంది. 2002లో యూరప్ ట్రయల్‌లో 32–34 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచితే మెదడు బాగా కోలుకున్నవారు 39 శాతం నుంచి 55కి పెరిగారు. మెల్‌బోర్న్‌లోనూ అలాంటి ఫలితమే. ప్రపంచమంతా చల్లబరిచింది. 2013లో 33కీ 36కీ తేడా లేదన్నారు. 2021లో దాదాపు 1,900 మందితో చేసిన ట్రయల్‌లో 33 డిగ్రీలకీ, జ్వరం మాత్రం రాకుండా చూడడానికీ తేడా కనబడలేదు. చలి పనిచేయదని నేను అనను. రక్తం తిరిగొచ్చిన కొన్ని గంటలకి 33 చేరితే, మొదటి నిమిషాల నష్టాన్ని అది ఎలా ఆపుతుంది? జ్వరాన్ని మాత్రం రానివ్వకండి, ఆ ఒక్కటీ మన జిల్లా ఆస్పత్రిలో కూడా చేయగలం.

పుట్టగానే ఏడవని బిడ్డల దగ్గర కొంచెం ఆగాలి. ఇక్కడ ప్రకృతి ఒక వెసులుబాటు ఇచ్చింది. ఊపిరి పోసిన తర్వాత బిడ్డ మెదడు కొన్ని గంటలు కుదుటపడినట్టే ఉండి, ఆ తర్వాత రెండోసారి శక్తి కోల్పోతుంది. ఆక్లండ్‌లో అలిస్టర్ గన్ బృందం గొర్రెపిండాల మీద చూసింది. గంటన్నరలో చల్లబరిస్తే చాలా మేలు, అయిదున్నర గంటలకి కొంత, ఫిట్లు మొదలయ్యాక ఏమీ లేదు. ఆరు గంటలలోపు మొదలుపెట్టి 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచడమనే పద్ధతి అందులోంచి వచ్చింది. 2005లో డెట్రాయిట్‌కి చెందిన సీతా శంకరన్ నడిపిన ట్రయల్, ఆ తర్వాత బ్రిటన్ ట్రయల్ దాన్ని నిలబెట్టాయి. సంపన్న దేశాల్లో అది మామూలు వైద్యమైంది.

మనమూ మొదలుపెట్టాం. సుధిన్ తయ్యిల్ నాయకత్వంలో భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది బిడ్డలతో జరిగిన హీలిక్స్ ట్రయల్ ఫలితం 2021లో వచ్చింది. మరణం లేదా వైకల్యం చల్లబరిచినవారిలో 50 శాతం, చల్లబరచనివారిలో 47. మరణాలు మాత్రం 42 శాతం, 31 శాతం. పెద్ద ఆస్పత్రుల్లో, మంచి యంత్రంతో, శిక్షణ పొందినవారు చేసిన పని ఇది. పరికరాన్ని తప్పుపట్టి తప్పించుకోలేం. బిడ్డల ఎంఆర్ఐలలో మెదడు లోతు కేంద్రాల కంటే తెల్లపదార్థంలో గాయం ఎక్కువగా కనబడింది. అంటే, చాలామందిలో దెబ్బ ప్రసవం చివరి నిమిషాల్లో తగిలింది కాకపోవచ్చు. ఎన్నో గంటల ముందునుంచే కొంచెం కొంచెంగా తగులుతూ వచ్చి ఉండవచ్చు. మనం ఆరు గంటలు లెక్కపెట్టింది పుట్టుక నుంచి. బిడ్డ గడియారం అంతకు ముందే మొదలైంది. మన పిల్లల డాక్టర్లలో దీనిమీద ఏకాభిప్రాయం లేదు, అందరూ చల్లబరచడం మానలేదు కూడా. నా మట్టుకు నేను, ఐస్ ప్యాకులతో చిన్న ఆస్పత్రుల్లో ఈ పని చేయవద్దనే అంటాను. ఆ డబ్బు, ఆ మనుషులు లేబర్ రూములో బిడ్డ గుండెచప్పుడు వినేందుకు కావాలి.

చివరగా ఒక పని మీ ముందు పెడతాను. 2015లో కాలిఫోర్నియా, నెవాడాలలో క్లాస్ నీమన్ బృందం బ్రెయిన్‌డెడ్ అయిన దాతల్ని కొందరిని 34–35 డిగ్రీల దగ్గర, కొందరిని మామూలు వేడి దగ్గర ఉంచింది. ఆ కిడ్నీలు పొందినవారిలో మొదటి వారంలో డయాలసిస్ అవసరమైనవారు 28 శాతం, 39 శాతం. 2023లో వచ్చిన ఇంకో ట్రయల్‌లో, కిడ్నీని ద్రావణం ఎక్కించే పంపు మీద పెట్టడం దాతని చల్లబరచడం కంటే మేలని తేలింది. పంపు ఉంటే పంపే వాడుకోవాలి. లేనిచోట? మెదడు చనిపోయిన ఒళ్లు తనంతట తనే చల్లబడుతూ ఉంటుంది. మనం దుప్పట్లు కప్పి, వేడిగాలి ఊది 37కి లాక్కొస్తాం. ఆ రెండు డిగ్రీలు వదిలేస్తే మన రోగులకి మేలా కాదా అన్నది మన అవయవదాన పథకం జీవన్‌దాన్‌లోని ఆస్పత్రులు కలిసి తేల్చుకోవలసిన ప్రశ్న. హీలిక్స్ చూశాక, పరాయి దేశపు ఫలితాన్ని అలాగే తెచ్చి పెట్టుకోమని నేను అడగను. ఎథిక్స్ కమిటీ అనుమతి, దాత కుటుంబం సమ్మతి, ఒక థర్మామీటరు కావాలి. ఇక కొలవాల్సింది కిడ్నీ పెట్టిన మొదటి ఏడు రోజుల్లో డయాలసిస్ చేశారా లేదా అన్నది, అది ఎలాగూ కేస్‌షీట్‌లో రాసేదే.