పన్ను పీకించుకునే ముందు, తర్వాత
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపుల గురించి, బ్యాంకు అప్పుల గురించి ముందు మాట్లాడినవాళ్ళు చెప్పారు. మమ్మల్ని ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. బీపీ, షుగరు గురించి ప్రతి ఏడూ వింటానే ఉన్నాం. ఈసారి పంటి గురించి చెప్పాలని మా సంఘంలో అందరం అనుకున్నాం. పంటికి కూడా ఉపన్యాసమా అని నవ్వొద్దండి. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో వినండి.

మా సంఘంలో ఒక అక్కకు కింది దవడ పన్ను పుచ్చింది. నొప్పి వచ్చినప్పుడల్లా మందుల షాపులో మాత్రలు తెచ్చుకుని మింగేది. రెండు రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఎనిమిది నెలలు అట్లాగే నెట్టుకొచ్చింది. సరిగ్గా నాట్ల రోజుల్లో చెంప ఉబ్బి, జ్వరం వచ్చి, నోరు తెరవలేకపోయింది. ఆసుపత్రిలో చేర్చి చీము తీసి, ఆ తర్వాత పన్ను తీశారు. పది రోజుల కూలి పోయింది, పైగా అప్పు మిగిలింది. ముందే పోయి ఉంటే ఒక పూటలో అయిపోయే పని. ఎందుకు పోలేదక్కా అని అడిగితే, "పిల్లల ఫీజులు కట్టినాక చూద్దాంలే అనుకున్నా, భయం కూడా వేసింది" అంది. ఇది ఆ అక్క ఒక్కదాని మాట కాదు గదా, మనందరి మాటా ఇదే.

ముందు భయాల సంగతి చూద్దాం. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని మన పెద్దోళ్ళు అంటారు. అది నిజం కాదు. చూపుకు ఉండే నరం వేరు, పంటికి పోయే నరం వేరు. చాలామంది పళ్ళు తీయించుకునేది నలభై దాటినాక, చూపు మందగించేదీ ఆ వయసులోనే. అందుకని రెండింటికీ ముడిపెట్టారు. నిజానికి చీము పట్టిన పై పన్నును అట్లాగే వదిలేస్తేనే వాపు కంటి వైపు పాకే ప్రమాదం ఉంది. నెలసరి రోజుల్లో పన్ను తీయించుకోకూడదనే మాట కూడా ఉంది. దానికీ అడ్డమేమీ లేదు.

రెండో సంగతి, నొప్పి వచ్చిన ప్రతి పన్నూ పీకించాల్సిన పని లేదు. కొంచెం పుచ్చితే సిమెంటు పెడతారు. నరం దాకా పోతే రూట్ కెనాల్ చేసి తొడుగు వేస్తారు. ఖర్చు ఎక్కువే, కానీ మన పన్ను మనకు ఉంటుంది. దవడ పన్ను తీసేసి ఆ జాగా ఖాళీగా వదిలేస్తే పక్క పళ్ళు అటు వాలతాయి, ఎదురు పన్ను సాగుతుంది, నమలడం కష్టమవుతుంది. అందుకని డాక్టరును ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఈ పన్నును నిలబెట్టే వీలుందా? తీసేస్తే ఆ జాగాలో ఏం పెట్టించుకోవాలి?" అడగడానికి మొహమాటపడొద్దు. జ్ఞానదంతం తీసేస్తే మాత్రం దాని జాగాలో ఏమీ పెట్టించుకోనక్కర్లేదు.

పళ్ళు పచ్చగా, గోధుమరంగు గార కట్టినట్టు ఉన్నాయని పీకించుకోవాలనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. కొన్ని ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువుంటే చిన్నప్పుడే పళ్ళకు ఆ మచ్చలు పడతాయి. మన దేశంలో ఈ ఫ్లోరైడు జబ్బు గురించి 1937లో వైద్యులు రాసింది ఆనాటి మన నెల్లూరు జిల్లా ఊళ్ళను చూసే. మచ్చ ఉన్నంత మాత్రాన గట్టి పన్నును తీయించుకోవద్దు.

పిల్లల తల్లులకు ఇంకో మాట. పాలపళ్ళు ఇరవై. ఆరేళ్ళప్పుడు వాటి వెనకాల కొత్తగా ఒక దవడ పన్ను వస్తుంది. ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటాం. పుచ్చినా ఊడిపోతుందిలే అని వదిలేస్తాం. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పోతే మళ్ళీ రాదు.

ఇక తీయించుకోక తప్పదని డాక్టరు చెప్పారనుకోండి. ఎవరి దగ్గరికి పోవాలి? పంటి డాక్టరుకు బి.డి.ఎస్. చదువు, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. 1948 నాటి దంతవైద్యుల చట్టం ఆ మాటే చెప్పింది. సంతలో, రోడ్డు పక్కన కూర్చుని పీకేవాళ్ళ దగ్గరికి పోవద్దు. సరిగ్గా కడగని పనిముట్లతో ఒకరి రక్తంలోని కామెర్ల జబ్బు ఇంకొకరికి అంటుకుంటుంది. ఖర్చు భయం ఉంటే నెల్లూరులో నారాయణ డెంటల్ కాలేజీ ఉంది. డెంటల్ కాలేజీల్లో చదువుకునే పిల్లలు పెద్ద డాక్టర్లు దగ్గరుండగా చేస్తారు. టైము ఎక్కువ పడుతుంది, ఖర్చు మామూలుగా తక్కువ అవుతుంది.

డాక్టరు అడగకపోయినా మనమే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. షుగరు, బీపీ ఉంటే చెప్పాలి. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే చెప్పాలి. వాటిని మనంతట మనం మానేయకూడదు, డాక్టరు చెప్తేనే మానాలి. గుండె కవాటం ఆపరేషను జరిగి ఉంటే చెప్పాలి. ఎముకల బలానికి ఇంజెక్షన్లు వేయించుకుంటున్నా, దవడకు కరెంటు వైద్యం జరిగి ఉన్నా చెప్పాలి. ఇట్లాంటివాళ్ళకు పన్ను తీసిన పుండు తొందరగా మానకపోవచ్చు. ఏదైనా మందు పడకపోతే అదీ చెప్పాలి. వేసుకునే మాత్రల చీటీలన్నీ ఒక కవరులో పెట్టుకుని పోతే సరిపోతుంది.

గర్భంతో ఉన్నవాళ్ళు, నెల తప్పిందని అనుమానం ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అనువైన కాలం. వాపు, జ్వరం ఉంటే మాత్రం ఏ నెలైనా ఆగకూడదు. నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోకూడదు.

ఆ రోజు ఖాళీ కడుపుతో పోవద్దు. మామూలుగా టిఫిన్ తిని, షుగరు, బీపీ మాత్రలు వేసుకునే పోవాలి. తోడుగా ఒకరిని తీసుకుపోండి. ముందు మొద్దుబారే సూది వేస్తారు. ఆ సూది కొంచెం నొప్పిగా ఉంటుంది. పన్ను తీసేటప్పుడు లాగినట్టు, నొక్కినట్టు తెలుస్తుంది, పోటు తెలియకూడదు. పోటు ఉంటే చెయ్యి ఎత్తండి, ఇంకో సూది వేస్తారు. ఓర్చుకుంటేనే గొప్ప అనుకోవద్దు.

తీసినాక చేయాల్సింది మన చేతుల్లోనే ఉంది. దూది ముక్కను అరగంట నుంచి ముప్పావు గంట గట్టిగా కరిచి పట్టుకోవాలి. మాటలు తగ్గించాలి. ఆ గుంతలో రక్తం గడ్డకడుతుంది. పుండుకు అదే మూత. మాటిమాటికీ ఉమ్మితే, పుక్కిలిస్తే, స్ట్రాతో పీలిస్తే ఆ మూత ఊడిపోతుంది. అందుకని మొదటి 24 గంటలు పుక్కిలించొద్దు, ఉమ్మును మింగేయాలి. చెంప మీద బయటి నుంచి చల్లటి గుడ్డ పెట్టుకోవచ్చు, వేడి కాపడం పెట్టొద్దు. పెదవి మొద్దుబారి ఉన్నంతసేపు తినొద్దు, తెలియకుండా కొరుక్కుంటాం. ఆ తర్వాత పెరుగన్నం, గంజి, ఇడ్లీ చల్లార్చుకుని రెండో వైపు తినాలి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు నోట్లో మెల్లగా తిప్పి వదలాలి. ఆకు వక్క, ఖైనీ, చుట్ట పుండు మానేదాకా దగ్గరికి రానివ్వొద్దు. అసలే మానేస్తే ఇంకా మంచిది. ఒకటి రెండు రోజులు బరువులు ఎత్తే పని, ఎండలో వంగి చేసే పని పెట్టుకోవద్దు. ఇంట్లోవాళ్ళకు ఆ మాట ముందే చెప్పండి.

ఉమ్ములో కొంచెం ఎర్రజీర మామూలే. కొత్త దూది పెట్టి గట్టిగా కరిచినా రక్తం ఆగకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. నొప్పి రోజురోజుకూ తగ్గాలి. మూడో రోజు నుంచి పెరిగి చెవి దాకా లాగితే గుంతలో మూత ఊడినట్టు. డాక్టరు కడిగి మందు పెడతారు. వాపు గొంతు కిందికి గానీ కంటి వైపు గానీ పాకినా, మింగుడు పడకపోయినా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా చూడొద్దు, అప్పుడే 108కి ఫోను చేయండి. నోట్లో ఏ పుండైనా రెండు మూడు వారాల్లో మానకపోతే క్యాన్సరు కాదని పరీక్ష చేయించుకోవాల్సిందే.

చివరిగా మన సంఘాల మాట. 1992లో దూబగుంట ఆడోళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ తర్వాత మన జిల్లా ఆడోళ్ళు రోజుకు రూపాయి లెక్కన పొదుపు మొదలుపెట్టారు. ఆ పొదుపు గేదెకు, పిల్లల చదువుకు, ఇంటి పైకప్పుకు పనికొస్తా ఉంది. మన ఒంటికి కూడా పనికి రావాలి గదా! అందుకని మా సంఘంలో మూడు అనుకున్నాం. నెల మీటింగులో పొదుపు లెక్క రాసినాక "ఎవరికైనా పంటి నొప్పి ఉందా" అని ఒక మాట అడుగుతాం. ఉన్నవాళ్ళకు సంఘం డబ్బులోంచి చిన్న అప్పు ముందుగా ఇస్తాం. డాక్టరు దగ్గరికి ఒకరిని తోడు పంపుతాం. మీ సంఘాల్లో కూడా దీన్ని తీర్మానం పుస్తకంలో రాసుకోమని అడుగుతున్నాం.