వరిబీజం ఆపరేషన్ తర్వాత



ఇది మగవాళ్ళ జబ్బు గురించిన మాట. ఆడవాళ్ళకెందుకు అనుకోకండి. జబ్బు మగవాడిదైనా చాకిరీ ఇల్లాలిదే కదా!

ఒక ఊళ్ళో ఒక హమాలీ ఉన్నాడు. బస్తాలు మోసే పని. అతనికి వరిబీజం వచ్చింది. కొందరు దీన్నే బుడ్డ అంటారు. ఆరేళ్ళు పంచె చాటున దాచుకున్నాడు. రెండుసార్లు సూదితో నీరు తీయించుకున్నాడు. మళ్ళీ నీరు చేరింది. చివరికి భార్య పోరు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఆపరేషన్ చేశారు. మర్నాడు ఇంటికి పంపేశారు.

నాలుగో రోజు ఊళ్ళోకి ధాన్యం లారీ వచ్చింది. "నొప్పి తగ్గింది. పనికి పోతా" అని లేచాడు.

ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ఆమెకూ ఆ దిగులుంది. అయినా ఆసుపత్రి చీటీ తీసింది. రాత్రి బడిలో నేర్చిన చదువు. కూడబలుక్కుని చదివింది.

"4 వారాలు బరువులు ఎత్తరాదు."

"ఏమయ్యా! ఇవాళ్టికి నాలుగు రోజులే అయింది. చీటీలో నాలుగు వారాలని ఉంది. నువ్వు కదలడానికి వీల్లేదు" అంది.

అతను గొణుక్కుంటూ కూర్చున్నాడు. ఆమె పొదుపు సంఘంలో కొంత అప్పు తీసుకుంది. ఆ నెల అలా గడిచింది. ఇప్పుడతను మళ్ళీ బస్తాలు మోస్తున్నాడు.

అసలు వరిబీజం అంటే ఏమిటి? బీజం చుట్టూ ఒక పలచని సంచి ఉంటుంది. అందులో నీరు చేరితే వాపు వస్తుంది. దెబ్బ తగిలినా రావచ్చు. కోస్తా ఊళ్ళలో బోదకాలు పురుగు వల్ల కూడా వస్తుంది. ఆ పురుగును దోమ మోసుకొస్తుంది. ఇది పాపం వల్ల వచ్చేది కాదు. ఆపరేషన్‌లో నీరు తీసి, ఆ సంచిని సరిచేస్తారు. బీజాన్ని తీసెయ్యరు. మగతనం పోదు.

ఇంటికొచ్చాక ఏం చెయ్యాలి?

బిగుతైన లంగోటీ గానీ, ఆసుపత్రిలో ఇచ్చిన పట్టీ గానీ కట్టుకోవాలి. బీజాలు కిందికి వేలాడకూడదు. కట్టు తడవనివ్వకూడదు. స్నానం ఎప్పుడు చెయ్యాలో డాక్టరును అడగండి. పుండు మీద పసుపు, బూడిద, ఆకు పసరు వెయ్యకండి. మాత్రలు చెప్పినన్ని రోజులూ మింగాలి. సైకిలు తొక్కకూడదు. డాక్టరు సరేననేదాకా భార్యాభర్తలు దూరంగా ఉండాలి. ఈ మాట అడగడానికి సిగ్గు పడకండి.

పథ్యమని కడుపు మాడ్చకండి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు పెట్టండి. నీళ్ళు బాగా తాగించండి. మలబద్ధకం ఉంటే ముక్కాల్సి వస్తుంది. అది కుట్లకు మంచిది కాదు. చుట్ట, బీడీ మానితే పుండు త్వరగా మానుతుంది.

వాపు వెంటనే పోదు. కొన్ని వారాలు ఉంటుంది. ఆపరేషన్ పాడైందని బెంగపడకండి. మెల్లగా తగ్గుతోందా లేదా చూడండి.

కానీ జ్వరం వచ్చినా, చీము పట్టినా, రక్తం ఆగకపోయినా, వాపు ఉన్నట్టుండి పెరిగినా, మూత్రం రాకపోయినా ఆగకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మరి బోదకాలు రాకుండా ఏం చెయ్యాలి? మురుగు నీరు నిలవనివ్వకండి. దోమతెర కట్టుకోండి. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ మాత్రలు ఇచ్చే కార్యక్రమం 2004లో దేశమంతటా మొదలైంది. మీ ఊళ్ళో ఆ మాత్రలు ఇస్తే తప్పకుండా మింగండి. గర్భిణులకు, 2 ఏళ్ళ లోపు పిల్లలకు, బాగా జబ్బు పడ్డవాళ్ళకు మాత్రం ఇవ్వకూడదు.

అక్కలారా! ఆసుపత్రిలో ఇచ్చిన చీటీని చూరులో దోపి మర్చిపోకండి. తీసి చదవండి. తెలియని మాట ఉంటే నర్సమ్మను అడగండి. ఆ హమాలీ భార్య చదివింది ఒక్క వాక్యమే. అదే ఆమె మొగుణ్ణి కాపాడింది.