మొదట పాత నూనె దిగాలి

(రేడియో ప్రసంగ పాఠము)



మన దుగ్గిరాల ప్రాంతంలో ఆయిల్ ఇంజను సంగతి తెలియని రైతు ఉండడు. ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. అక్కడినుండి కాలువ నిండా నీరు వచ్చినా, మెరకనున్న పసుపు చేనికి ఆ నీరు ఎక్కాలంటే ఇంజను తిరగాలి. ఇంజను తిరగాలంటే దానిలోని నూనె బాగుండాలి.

కొందరు నూనె తగ్గినప్పుడల్లా పైన కొంచెం పోసి, మార్చినట్టే అనుకుంటారు. సోదరులారా, పోయడం వేరు, మార్చడం వేరు. అడుగున చేరిన మసి, ఇనుప రజను అక్కడే ఉంటాయి. పోసిన కొత్త నూనె కూడా ఆ మురికిలోనే కలుస్తుంది. చివరకు బేరింగులు అరిగి, సరిగ్గా తడి కావలసిన రోజునే ఇంజను పట్టేస్తుంది.

మార్చే పద్ధతి మేస్త్రీలకు తెలిసిందే. ఇంజనును చదునైన చోట పెట్టి కాసేపు తిప్పి ఆపాలి. నూనె వెచ్చగా ఉంటే పలచబడి, మురికిని కూడా తీసుకొని దిగుతుంది. చల్లారితే మురికి అడుగునే ఉండిపోతుంది. చేయి కాలకుండా చూసుకొని, కింద పళ్లెం పెట్టి, డ్రెయిన్ బోల్టు విప్పాలి. చివరి చుక్క దిగేదాకా ఓపిక పట్టాలి. దిగిన నూనెను ఒకసారి చూడండి. డీజిల్ ఇంజనులో నూనె నల్లబడటం మామూలే. పాలలాగా తెల్లబడితే నీరు కలిసిందని, మెరిసే రజను కనిపిస్తే లోపల ఏదో అరుగుతోందని గుర్తు. ఫిల్టరు శుభ్రం చేసి, లేదా మార్చి, వాషరు పాడైతే కొత్తది వేసి బోల్టు బిగించాలి. తరువాత కంపెనీ పుస్తకంలో చెప్పిన రకం నూనె గేజి పై గీత వరకే పోయాలి. ఎక్కువైనా చెరుపే. మళ్లీ కాసేపు తిప్పి, ఆపి, కారుతున్నదేమో, గేజి సరిగా ఉన్నదేమో చూడాలి.

దిగిన నూనెను మాత్రం కాలువలో పారబోయవద్దు. ఆ నీటితోనే ఊరి చెరువు నిండుతుంది. దానినే మన పిల్లలు త్రాగుతారు. 2016 నాటి ప్రభుత్వ నియమాలలో వాడిన నూనె ప్రమాదకర వ్యర్థముల జాబితాలో ఉన్నది. డబ్బాలో పోసి మూతపెట్టి, అనుమతి ఉన్న సేకరణదారులకు చేర్చండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

ప్రియులారా, నీళ్ల వంతు దగ్గర మాట పడి, ఏళ్ల తరబడి పలకరించుకోని అన్నదమ్ములు మన ఊళ్లలో లేరా? ఆదివారం ఆరాధనకు వస్తాము, కానుక వేస్తాము. పైన పోస్తూనే ఉన్నాము గాని అడుగునున్నది దింపలేదు. మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు ఏది ముందో చెప్పాడు: మొదట సహోదరునితో సమాధానము, తరువాతే కానుక. గొడవ పాతబడి గడ్డకట్టకముందే వెళ్లండి. ఈ సాయంత్రమే ఆ ఇంటి గడప తొక్కి, "అన్నయ్యా, బాగున్నావా?" అని అడగండి.

దేవుడు ఆ ధైర్యమును మీకు దయచేయును గాక. ఆమేన్.