చెట్టును నేలతో సహా చిత్రించిన మేరియన్ నార్త్



దేవతలను, ప్రభువులను చిత్రించినవారు పెక్కుమంది కలరు. చెట్టును, అది మొలచిన నేలతో సహా చిత్రించుటకై దేశదేశములు తిరిగిన స్త్రీ మేరియన్ నార్త్.

ఈమె 1830లో ఇంగ్లండునందలి హేస్టింగ్స్ అను సముద్రతీర పట్టణమున జన్మించెను. తండ్రి పార్లమెంటు సభ్యుడు. 1855లో తల్లి గతించినది మొదలు ఈమె తండ్రికి తోడునీడయై యుండెను. వివాహమాడలేదు. 1869లో తండ్రియు మరణించెను. దుఃఖము దిగమ్రింగి, నలువదియేండ్ల ప్రాయమున, 1871లో రంగులపెట్టెతో ఓడ యెక్కెను. జమైకా, బ్రెజిల్, జపాను, జావా, సింహళము చూచి 1877లో భారతదేశమునకు వచ్చెను.

నెల్లూరు మండలమును ధాత కరవు పీడించిన కాలమది. ఆమె 1879 వరకు ఈ దేశమున సంచరించి 200లకు పైగా చిత్రములు వ్రాసెను. రావి, తులసి వంటి పవిత్ర వృక్షములును ఆమె కుంచెకు వస్తువులైనవి.

కోసిన పువ్వును గదిలోనికి తెచ్చి వ్రాయుటతో ఆమె తృప్తిపడలేదు. మొక్క వెనుక కొండ, నీరు, గుడిసె కూడ కనబడవలెను. బోర్నియోలో ఆమె వ్రాసిన కూజాతిత్తుల మొక్క శాస్త్రజ్ఞులకు క్రొత్తది. దానికామె పేరే పెట్టిరి.

ఆమె తన చిత్రములను లండనునందలి క్యూ ఉద్యానమునకు దానమిచ్చి, స్వంత వ్యయముతో భవనము కట్టించెను. 1882లో అది తెరువబడెను. ఎనిమిది వందలకు పైబడిన చిత్రములు నేటికిని అచ్చట గోడల నిండ నున్నవి. వచ్చువారికి కాఫీ, తేనీరు ఇప్పింపగోరగా అధికారులు సమ్మతింపలేదు. ఆమె వాదులాడక, ద్వారములపై కాఫీ, తేయాకు మొక్కలను చిత్రించెను! 1890లో కన్నుమూసెను.

నెల్లూరు తీరమున నేడు సొంతచెట్టువలె కానవచ్చు సరుగుడు, పందొమ్మిదవ శతాబ్దమున రైలింజనుల కట్టెకై మద్రాసు రాజధాని తీరమున నాటించినది. పిమ్మట రొయ్యల చెరువులు వచ్చినవి. వీనికి పూర్వమీ ఇసుకనేల ఎట్లుండెనో చూపు చిత్రము ఏ యింట నున్నది? మిగిలిన తాటితోపును, మొగలిపొదను గ్రామ బాలబాలికలు నేడే చూచి గీసినచో, గ్రంథాలయపు బీరువాలో పుస్తకముల ప్రక్క వానికిని చోటుండవలెను. రేపటివారికి ఈ ఊరిని చూపవలసినవారు ఈ ఊరివారే.