ఒకే బిళ్ల మీద అందరి చిప్పులు



మీ చేతిలోని సెల్‌ఫోను చిప్పులతోనే పనిచేస్తుందని వినే ఉంటారు. అప్పడంలా గుండ్రంగా, పల్చగా ఉండే సిలికాన్ బిళ్ల మీద, వెంట్రుక కన్నా సన్నని గీతలతో చిప్పులు తయారవుతాయి. ఖర్చు విపరీతం. ఒక్క విద్యార్థి కోసం ఒక బిళ్ల చేయించడం ఏ కళాశాలకు సాధ్యం?

అమెరికాలో లిన్ కాన్వే అనే ఇంజనీరు దీనికి దారి చూపారు. 1978లో ఎం.ఐ.టి.లో పాఠం చెప్పి, విద్యార్థులు గీసిన చిప్పులన్నీ కలిపి ఒకే బిళ్ల మీద చేయించారు. ఒక్క ఆవిరికి రేకులన్నిటి ఇడ్లీలూ మనం దించుకోమూ, అలాగన్నమాట! మరుసటి ఏడు 12 విశ్వవిద్యాలయాల వారికి ఆ సదుపాయం అందింది. 1985లో ఆమె మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు.

అంతకుముందు ఆమె పడ్డ కష్టం వినండి. మగబిడ్డగా పుట్టి, స్త్రీగా బతకాలనుకున్నందుకు 1968లో ఐ.బి.ఎం. కంపెనీ ఆమెను ఉద్యోగంలోంచి తీసేసింది. కొత్త పేరుతో, మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టారు. కంపెనీ క్షమాపణ చెప్పింది 2020లో. అప్పటికి ఆవిడకు 82 ఏళ్లు! 2024లో కన్నుమూశారు.

మనింటి బిడ్డ నలుగురిలా లేదని గడప దాటించే ముందు, ఈమెను ఒక్కసారి తలుచుకోండమ్మా.