లేచి నిలబడే బలం: యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



సుబ్బారావుగారి పేరు చెప్పగానే మనవాళ్లు ఫోలిక్ యాసిడ్ అంటారు, టెట్రాసైక్లిన్ అంటారు, బోదకాలు మాత్ర అంటారు. ఆ మాత్ర తెలియని ఇల్లు గోదావరి జిల్లాల్లో అరుదు కాబట్టి అది సహజమే. ఈ సాయంత్రం నేను వాటి జోలికి పోను. ముప్ఫై అయిదేళ్లు నిండకముందే ఆయన చేసిన పని ఒకటుంది. అది ఎనభై ఏళ్లవాళ్ల కాళ్ల దగ్గరికి ఎలా వచ్చి చేరిందో చెబుతాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదువుకున్నారు, మద్రాసులో వైద్యం నేర్చారు. ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయుడైన ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎంబీబీఎస్ రావలసిన చోట ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. అమెరికా ప్రయాణానికి ఊతమిచ్చింది అనపర్తి మామగారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థా.  బోస్టన్‌లో ఆయన రాత్రిళ్లు ఆస్పత్రిలో పోర్టరుగా పనిచేసి, పగలు హార్వర్డ్‌లో చదివారు.

అక్కడ సైరస్ ఫిస్కే అనే జీవరసాయన శాస్త్రవేత్త దగ్గర ఆయన మొదట చేసిన పని చూడటానికి చాలా చిన్నది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి. 1925లో అచ్చయింది. తరతరాల జీవరసాయన విద్యార్థులు దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే నేర్చుకున్నారు.

అదే పద్ధతిని పిల్లి కండరం మీద ప్రయోగిస్తే రంగు రావలసినంత వేగంగా రాలేదు. ఆలస్యంగా, మెల్లమెల్లగా ముదిరింది. చాలామంది అయితే రసాయనం పాడైందనుకుని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవారు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలోని భాస్వరం అంతా విడిగా లేదు, ఏదో పదార్థానికి వదులుగా అతుక్కుని ఉంది, పరీక్షలోని ఆమ్లంలో కొంచెం కొంచెంగా విడిపోతోంది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగ్ల్‌టన్ దంపతులూ దాని ఆచూకీ తీశారు. 1929లో, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ విషయంలోనూ ఇంతే: జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో వీళ్లిద్దరూ వేర్వేరుగా దాని దగ్గరికి చేరారు. ఎవరు ముందు అన్న వాదన మనకెందుకు? రెండు చోట్లా చేరారన్నదే విశేషం.

అప్పటికి నోబెల్ బహుమతి అందుకున్న హిల్, మేయర్‌హాఫ్‌ల మాట ప్రకారం కండరం ముడుచుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లం. 1930లో కోపెన్‌హాగెన్‌లో లుండ్స్‌గార్డ్ అనే శాస్త్రవేత్త ఆ ఆమ్లం పుట్టకుండా విషమిచ్చి ఆపేశాడు. అయినా కండరం ముడుచుకుంది, ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతున్నంతసేపూ ముడుచుకుంటూనే ఉంది. 1932లో హిల్ తనే ఆ పరిణామాన్ని కండర శాస్త్రంలో విప్లవమని పేరుపెట్టి రాశాడు. తన సిద్ధాంతం కూలినప్పుడు అలా రాయగలిగినవాళ్లు ఎందరుంటారు?

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. చాప మీద నుంచి లేవాలంటే, కాలు జారినప్పుడు నిలదొక్కుకోవాలంటే, మన భీమేశ్వరాలయంలో మెట్లెక్కి రెండంతస్తుల లింగం శిరస్సు చూడాలంటే, తొలి కొన్ని సెకన్లకు శక్తి ప్రధానంగా ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్ నిల్వల నుంచే. ఆ నిల్వ వేగంగా ముడుచుకునే కండర తంతువుల్లో ఎక్కువ. వయసుతో ఎక్కువగా సన్నబడేవీ ఆ తంతువులే. అందుకే పెద్దవాళ్లు మైలు దూరం నెమ్మదిగా నడవగలిగీ, నేల మీద నుంచి లేవడానికి మాత్రం ఎవరో చెయ్యి ఇవ్వాలని చూస్తారు.

ఈ సంగతిని శాస్త్రం ఆలస్యంగా పట్టించుకుంది. ప్రయోగశాలలో ఉన్నవి కప్పల, పిల్లుల కండరాలు. ముసలి కండరం గురించి చాలాకాలం అడిగినవాళ్లు తక్కువ. ‘వయసు మీద పడింది’ అనేస్తే అక్కడితో సరి. 1988లో స్వీడన్‌కు చెందిన లెక్సెల్ బృందం, చనిపోయిన 43 మంది మగవాళ్ల తొడ కండరాన్ని మొత్తంగా కోసి చూసింది. వాళ్లు 15 నుంచి 83 ఏళ్లవాళ్లు. ఇరవై ఏళ్ల నుంచి ఎనభైకి కండరం సుమారు 40 శాతం తగ్గింది. క్షీణత పాతికేళ్ల వయసు నుంచే మొదలైంది. తంతువులు సన్నబడటం కంటే వాటి సంఖ్య తగ్గడమే పెద్ద కారణం. మరుసటి ఏడాది రోసెన్‌బర్గ్ అనే పోషకాహార శాస్త్రవేత్త దీనికి సార్కోపీనియా అని పేరుపెట్టాడు. పేరు ఉంటేనే డబ్బు, శ్రద్ధ వస్తాయని ఆయన లెక్క. అది నిజమేనని తరువాత తేలింది.

ఆ తరువాత 1990లో బోస్టన్‌లో, సుబ్బారావుగారు తిరిగిన ఊళ్లోనే, మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల అటూ ఇటూ వయసున్న పదిమంది చేత కాళ్లతో బరువులు ఎత్తించింది. ఎనిమిది వారాలు. తొమ్మిదిమంది పూర్తిచేశారు. కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర మానేశారు. కండరం మాత్రం 9 శాతమే పెరిగింది. ఈ రెండు అంకెల మధ్య దూరం చూడండి: బలమంతా లావులో లేదు. నరం కండరాన్ని కదిలించే తీరులో చాలా ఉంది.

నిపుణులు దీన్ని ఒప్పుకోవడానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది. 2018లో సవరించిన ఐరోపా సార్కోపీనియా ప్రమాణాలు కండరం పరిమాణాన్ని కాక బలాన్ని ముందు పెట్టాయి. 2019లో ఆసియా నిపుణుల బృందం, పిడికిలి పట్టు మగవాళ్లకు 28 కిలోల కంటే, ఆడవాళ్లకు 18 కిలోల కంటే తగ్గితే బలహీనత అంది. కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు పట్టినా అనుమానించాలంది. మందుల కథ ఇంకా తేలలేదు. కండరాన్ని అదుపులో ఉంచే మయోస్టాటిన్‌ను 1997లో కనిపెట్టాక దాన్ని అడ్డుకునే మందులు వచ్చాయి. వాటితో కండరం పెరిగింది, నడక అంతగా మారలేదు. మళ్లీ అదే పాఠం.

కండరం నిలవడానికి కావలసిన తిండి మాట కూడా చెప్పాలి. మన వాళ్లు పెద్దవయసులో ‘తేలిక’ అంటూ రాత్రిపూట పప్పూ పెరుగూ కూడా తగ్గించేస్తారు. హైదరాబాద్ పోషకాహార సంస్థ లెక్క పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు. వృద్ధులకు అంతకంటే ఎక్కువ, ఒకటి నుంచి 1.2 దాకా కావాలని 2013లో అంతర్జాతీయ నిపుణులు సూచించారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగే మార్చుకోవాలి.

నిర్వాహకులకు ఒక విన్నపం. మీరు పెట్టే బీపీ, షుగరు శిబిరాల్లో వచ్చేసారి ఒక కుర్చీ, ఒక గడియారం ఉంచండి. కుర్చీకి చేతులు ఉండకూడదు. వెనక్కి జరగకుండా గోడకు ఆనించి వేయాలి. పక్కన ఒక మనిషి నిలబడాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, అయిదుసార్లు లేచి కూర్చోమని, ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి.